పదకొండు నిమిషాలు

లియెపాయలో జనవరి.
సముద్రం అంచున మంచు పెచ్చులు కట్టింది.
ఊరంతటికీ వేడినీళ్లు పంపే ఆఫీసులో
రాత్రి డ్యూటీకి ఇద్దరమే:
నేనూ, వెల్తా స్ట్రౌట్‌మనే.
ఆవిడ ముందు ఒక పట్టిక,
నాలుగు వందల పన్నెండు వరసలు.
ఒక్కో వరసా ఒక కన్నం.

"దొంగలు కన్నం వేస్తారంటారు గానీ
వాళ్లకంత శ్రమెందుకు?" అంటుంది వెల్తా.
"గోడ కట్టేటప్పుడు మనం మరిచింది
వెతుక్కుంటే చాలదూ!"

ప్రతి కన్నానికీ ఒక నంబరుంటుంది,
పదికి ఇంతని మార్కులుంటాయి.
బళ్లో మార్కుల్లాంటివే,
కాకపోతే తొమ్మిది దాటితే ఇక్కడెవరూ మిఠాయి పంచరు.
మూడున్నర వాటిని రేపటికి తోస్తాం.
ఆరున్నర వాటిని చూసి నిట్టూర్చి
అప్పుడు రేపటికి తోస్తాం.
మంగళవారం సాయంత్రం వచ్చింది
తొమ్మిది పాయింట్ ఎనిమిది.

బాయిలర్ల కంట్రోలర్‌లో, పాస్‌వర్డ్ అడిగే చోట
రెండు వందల యాభై ఆరు అక్షరాలకు జాగా ఉంది.
రెండు వందల యాభై ఏడోది పంపితే
తలుపు తడబడుతుంది,
తడబడి, వచ్చినవాడి చేతికే
తాళాలగుత్తి ఇస్తుంది.

వెల్తా కోడ్ తెరిచింది.
పందొమ్మిదేళ్ల నాటి వరస. పక్కనే ఒక మాట:
"తాత్కాలికం. సోమవారం సరిచేస్తాను. ఇల్గ్‌వార్స్."
ఏ సోమవారమో రాయలేదు.
ఇల్గ్‌వార్స్ పోయి ఆరేళ్లు.
పొగబెట్టిన చేపల డబ్బా తెచ్చుకుని
కీబోర్డు మీదే తినేవాడట.
వెల్తా తిట్టింది, పక్క గదిలో ఉన్నవాణ్ణి తిట్టినట్టే.
తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

మాసిక చిన్నదే. ఒక్క గుర్తు చెరిపెయ్యాలి.
చిన్నది లేదా సమానం అన్న చోట
చిన్నది, అంతే.
కానీ మాసిక వేయాలంటే చొక్కా విప్పాలి.
ఆ చొక్కాని ఊరు మొత్తం తొడుక్కుని ఉంది,
బయట మైనస్ పదిహేడు.

"ఏప్రిల్‌లో చూద్దాం," అన్నాడు డైరెక్టరు ఆట్వార్స్.
"పందొమ్మిదేళ్లూ ఏమీ కాలేదుగా?"
వెల్తా లాగ్ తిప్పి చూపించింది.
ఏడింటికి ఎక్కడినుంచో ఎవరో
రెండు వందల యాభై ఐదు అక్షరాలు పంపారు,
చీకట్లో గోడ తడిమినట్టు.
ఎనిమిదింటికి, రెండు వందల యాభై ఆరు.
ఆట్వార్స్ కోటు విప్పకుండానే సంతకం పెట్టాడు.

మూడూ పదికి పంపులు ఆపాం.
ఆరో నిమిషంలో ఫోను.
కరోస్తా నుంచి ఒక ముసలాయన:
"మా గొట్టం గురక ఆగింది, మెలకువొచ్చింది.
ఏమైంది?"
"ఏమీ కాలేదండీ."
"మరెందుకు ఆపారు?"
"ఏమీ కాకూడదని."
ఆయన నమ్మలేదు. ఫోనూ పెట్టలేదు.
తన పిల్లి సంగతి చెప్పాడు,
నౌకాదళంలో తను కాసిన ఇంజన్ల సంగతి చెప్పాడు.
వెల్తా ఊఁ కొడుతూ ఒంటి చేత్తో టైప్ చేసింది.
పదకొండో నిమిషంలో
"ఆఁ, మొదలెట్టింది మళ్లీ," అన్నాడు.
మా స్క్రీన్ ఆ సంగతి
ఇంకో అరనిమిషానికి గానీ చెప్పలేదు.

నాలుగూ ఇరవైకి వచ్చాయి
రెండు వందల యాభై ఏడు అక్షరాలు.
తలుపు తడబడలేదు.
దొంగలు పడ్డ ఆరునెలలకు మొరిగే జాతి మాది,
ఈసారి ఒక గంట ముందు మొరిగాం.
ఎవరికి చెబుతాం? ఊరు వెచ్చగా నిద్రపోతోంది.

ఇల్గ్‌వార్స్ మాటని వెల్తా చెరపలేదు.
దాని కింద ఇంకో వరస చేర్చింది:
"సోమవారం కుదరలేదు. బుధవారం అయింది."

పట్టికలో ఒకటి తగ్గింది.
టీ మరిగేలోపు మూడు చేరాయి.
అందులో ఒకటి నా కోడ్‌లోది,
పోయిన వేసవిలో, ఇంటికెళ్లే తొందరలో రాసింది.
వెల్తా చదివింది. ఏమీ అనలేదు.
పక్క కుర్చీ మీది కోటు తీసి
కుర్చీని నావైపు జరిపింది.